యాభై తెడ్లు, అర మాత్ర

ఆ వానాకాలం మా నాన్నని ముగ్గురు ఆడవాళ్ళు ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒకరు పడవతల్లి, ఒకరు నర్సమ్మ మలైతోంగ్, మూడోదాన్ని నేను. మా అమ్మని ఈ లెక్కలో కలపడం లేదు, ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పని మీదే ఉంది గనక.

పడవతల్లి మా ఊరి పందెపు పడవలో ఉండే దేవత. గుడి వెనక రేకుల కింద ఏడాదంతా పడుకుని, వానాకాలం మూడు నెలలూ గడిచి భిక్షువుల వ్రతం ముగిసిన పున్నమికి లేచి పందేనికి వస్తుంది. ఆవిడకి నియమాలు జాస్తి. పడవలోకి చెప్పులతో ఎక్కకూడదు. ఆడది ఎక్కకూడదు. ఎంత అవసరమొచ్చినా ఎవడూ పడవలోంచి నదిలోకి ఒంటేలు పోయకూడదు. యాభై మంది తెడ్లు వేస్తారు, వెనక ఒక్కడు నిలబడి చుక్కాని పడతాడు. ఆ ఒక్కడూ మా నాన్న బున్‌లియాన్. నా మొగుడు సీవొంగ్ అందరికంటే ముందు బల్ల మీద కూర్చుని తెడ్డు వేస్తాడు, మిగతా నలభై తొమ్మిది మందీ అతని భుజాన్ని చూసి లయ పట్టుకుంటారు. మా దేశంలో అల్లుడే అత్తారింటికి వచ్చేస్తాడు కాబట్టి ఈ మామా అల్లుళ్ళ గోల పడవ దిగాక మా ఇంట్లో కొనసాగేది.

నేను ఊరి ఆరోగ్య సేవకురాలిని. పేరు పెద్దదే గానీ పనల్లా నర్సమ్మ నెలకోసారి వచ్చినప్పుడు జనాన్ని గుడి మండపంలో పోగెయ్యడం, ఆవిడ ఇచ్చిన మందుల డబ్బా మా ఇంట్లో దాచి ఎవరి మాత్రలు వాళ్ళకి అందించడం, వారానికోసారి బీపీ చూడడం. వ్రతం మొదలైన వారంలో నర్సమ్మ వచ్చి మా నాన్న జబ్బకి పట్టా చుట్టింది. పట్టా ఉబ్బింది, దిగింది, మిషను కూసింది. నూట తొంభై ఆరు బై నూట నాలుగు.

"మెట్లెక్కి వచ్చాను గదమ్మా, అందుకని" అన్నాడు నాన్న.

"మూడు మెట్లు" అన్నాను నేను.

"మూడైతే మాత్రం మెట్లు కావా?"

నర్సమ్మ నవ్వలేదు. మండపం చివర గోడకి ఆనుకుని కూర్చున్న మా పెదనాన్న ఖమ్‌ఫుయ్ వైపు చూసింది. నాలుగేళ్ళ కిందటి దాకా చుక్కాని ఆయనదే. ఒక సాధన రోజున నది మధ్యలో ఆయన చేతిలోంచి చుక్కాని జారిపోయింది. అందరూ చెయ్యి జారిందనుకున్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మాట అక్కడే పోయాయి. ఆయనకి బీపీ ఉందన్న సంగతి ఆ సాయంత్రం జిల్లా ఆసుపత్రిలో తెలిసింది.

"ఆయన్నెవరూ ముందుగా చూడలేదు. నిన్ను నేను చూశాను" అంది నర్సమ్మ. "పున్నమి నాటికి పై అంకె నూట యాభైలోపు దిగాలి. దిగకపోతే చుక్కాని పట్టొద్దు."

తర్వాత డబ్బాలోంచి తెల్లని చిన్న మాత్ర తీసి అరచేతిలో పెట్టింది. దాని పేరు థయాజైడ్ అని డబ్బా మీద ఉంది. మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక నీళ్ళ మాత్ర అన్నారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ ఒంటేలుగా బయటికి తోసేస్తుంది, రక్తం ఒరవడి తగ్గుతుంది, పాత మందు, చవక మందు, లెక్కలేనంత మందికి పక్షవాతం రాకుండా కాచిన మందు అని నర్సమ్మ చెప్పింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

"అయితే ఉప్పుతో పాటు ఒంటికి కావలసినవి కూడా కొన్ని పట్టుకుపోతుంది. పిక్కలు పట్టేసినా, కళ్ళు తిరిగినా, కాలి బొటనవేలు వాచినా వెంటనే చెప్పాలి. షుగరు కూడా కాస్త పెరగొచ్చు. నెలకి రక్తం తీస్తాను."

"ఇన్ని చేస్తుందా? ఇది మందా, దయ్యమా?" అన్నాడు నాన్న.

"దయ్యం నీ ఒంట్లో ఇప్పటికే ఉంది బాబాయ్. దీన్ని దాని మీదికి ఉసిగొల్పుతున్నాను. అందుకే గొలుసు నా చేతిలో ఉంచుకుంటున్నాను."

మొదటి వారం మా నాన్న ఇంట్లో కన్నా మెట్ల మీదే ఎక్కువ కనిపించాడు. పొద్దున్నే మాత్ర వేసుకుంటాడు, జిగురన్నం ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకోబోతాడు, ముద్ద పళ్ళెంలో పడేసి లేస్తాడు. దిగుతాడు, ఎక్కుతాడు. మళ్ళీ దిగుతాడు.

"మావయ్యా, వానలు సరిగ్గా పడ్డం లేదని నదికి సాయం చేస్తున్నారా?" అనేవాడు సీవొంగ్.

"నువ్వు నోరు మూసుకుని తిను. నీ వయసులో నేను..."

"నా వయసులో మీరు గుడిసె వెనక్కి ఇన్నిసార్లు వెళ్ళి ఉండరు లెండి."

అమ్మ బాధ వేరు. ఊరబెట్టిన చేపలు, అంటే మా పాదేక్, ఉన్న జాడీ మీద నర్సమ్మ కన్నుపడింది. ఉప్పు తగ్గించమంది. ముప్పై ఎనిమిదేళ్ళు తన చేతి పాదేక్ తిని బలిసిన మనిషికి ఇప్పుడు ఉప్పు ఎక్కువైందా అని అమ్మ రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి బొప్పాయి తురుములో నిమ్మకాయ ఎక్కువ పిండి చేప తగ్గించింది. తగ్గించానని మాత్రం ఒప్పుకోలేదు.

మూడో వారంలో నర్సమ్మ చెప్పినట్టే అయింది. తెల్లారుతూనే నాన్న పిక్క పట్టేసి కేక పెట్టాడు. నేను మోటారుసైకిలు మీద ఆవిణ్ణి తీసుకొచ్చాను. రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపింది. పొటాషియం తగ్గింది, సోడియం పర్వాలేదు అని కబురొచ్చింది. మాత్ర సగం చేసింది. రోజూ రెండు అరటిపళ్ళు తినమంది. అంతే, పిక్కలు మళ్ళీ పట్టలేదు. చూడండి, అంత తేలిగ్గా సర్దుకుంది. ఇంతటితో ఈ కథ అయిపోవలసింది.

ఆరో వారానికి నూట నలభై నాలుగు బై ఎనభై ఆరు. నాన్న ముఖం మారిపోయింది. మెడ వెనక ఏళ్ళ తరబడి ఉన్న బరువు దిగిపోయిందన్నాడు. పొద్దున్నే లేవగానే తల తేలిగ్గా ఉందన్నాడు. చుక్కాని పట్టుకుని నిలబడితే నది ఇదివరకటి కన్నా తేటగా కనిపిస్తోందన్నాడు. ఊళ్ళో ఎవరికి ఏ నొప్పి వచ్చినా సరే, మా నాన్న వాళ్ళ గుమ్మం ముందు నిలబడి నీళ్ళ మాత్ర గొప్పతనం వర్ణించడం మొదలెట్టాడు. పంటినొప్పితో బాధపడుతున్న ముసలావిడకి కూడా చెప్పాడు.

"నాన్నా, అది బీపీ మందు" అనేదాన్ని.

"నువ్వు నర్సువా?"

"ఆరోగ్య సేవకురాలిని."

"నేను ఆరోగ్యవంతుణ్ణి. నాకు తెలియదా?"

ఆ గర్వంలోనే ఒకరోజు బియ్యం మిల్లుకి వెళ్ళి బస్తాలు తూచే కాటా మీద నిలబడ్డాడు. రెండు కిలోలు తగ్గాడు. ఆ రెండు కిలోలూ తలకెక్కాయి. కిందటేడు నాథోంగ్ ఊరి పడవ మమ్మల్ని ఒక్క పడవ మూతి తేడాతో కొట్టింది. ఏడాది పొడుగునా ఆ మూతి మా నాన్న కళ్ళ ముందే ఉంది. మనిషికి రెండు కిలోలు, యాభై మంది, పడవ మీద ఎంత బరువు తగ్గుతుందో ఆయన లెక్క కట్టాడు. మా ఊళ్ళో పడవ బరువు తగ్గించడానికి చెయ్యని పని లేదు. అంచు చెక్క గీకుతారు, బల్లలు పల్చన చేస్తారు, పందెం ముందు రోజు అన్నం మానేస్తారు. ఒంట్లో నీళ్ళు తోడెయ్యొచ్చన్న ఆలోచన మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

మందుల డబ్బా మా ఇంట్లో బుద్ధుడి బొమ్మ కింద చెక్క మీద ఉండేది. తాళం లేదు. దేవుడి కింద పెట్టిన వస్తువు ఎవరు తీస్తారని నా ధీమా.

పున్నమికి ఇంకా మూడు వారాలుంది. ఆదివారం నాడు ఊరి పడవకి పూర్తి దూరం సాధన. నేనూ అమ్మా జనంతో పాటు గట్టు మీద కూర్చున్నాం. ఎండ దంచేస్తోంది. మొదటిసారి పడవ వెళ్ళిన తీరు చూసి గట్టంతా లేచి నిలబడింది. నిజం చెప్పాలి కదా, తేలిగ్గానే పోయింది. వెనక నిలబడ్డ నాన్న నా వైపు తిరిగి గడ్డం ఎగరేశాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

రెండోసారి సగం దూరం వెళ్ళాక పడవ దారి తప్పినట్టు గట్టువైపు తిరిగింది. ఆగీ ఆగకముందే మగాళ్ళు దూకి పరుగెత్తారు. యాభై మంది పొదల వెంబడి వరసగా, మాకు వీపులు చూపిస్తూ నిలబడ్డారు. గట్టు మీద ముసలమ్మలు కడుపులు పట్టుకుని నవ్వారు.

"ఏమర్రా, రాత్రి పుచ్చకాయల బండి ఏదైనా దోచుకున్నారా?" అని ఒకావిడ అరిచింది.

మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. నాలుగోసారికి నవ్వులు ఆగాయి. తెడ్లు ఒకటి ఇటు ఒకటి అటు పడుతున్నాయి. ఒకడు బల్ల మీదే తొడ పట్టుకుని వంకర్లు తిరిగాడు. ఇంకొకడు తెడ్డు వదిలేశాడు. ముందు బల్ల మీద సీవొంగ్ భుజం లేచింది, పడింది, లేచింది, ఇక లేవలేదు. మనిషి మొత్తం పక్కకి ఒరిగి వెనకవాడి ఒళ్ళో పడ్డాడు. పడవ ఇసుక మేటలోకి దూసుకుపోయి ఆగింది.

నేను నడుములోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాను. ఎక్కడానికి లేదు. "దింపండ్రా, దింపండి!" అని అరుస్తూ పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆ నిమిషం పడవతల్లిని ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. వాళ్ళు సీవొంగ్‌ని నా చేతుల్లోకి జార్చారు. పెదాలు తెల్లగా పాలిపోయాయి, ఒళ్ళు చల్లగా ఉంది. గట్టు మీద పడుకోబెట్టి బీపీ చూస్తే పై అంకె ఎనభై నాలుగు. ఉప్పేసిన గంజి కోసం అమ్మ పరుగెత్తింది. నర్సమ్మ వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. సీవొంగ్‌కి సెలైను పెట్టి, మిగతావాళ్ళందరికీ గంజి తాగించి, అప్పుడడిగింది.

"పొద్దున్న ఏం తిన్నారు మీరంతా?"

నలభై తొమ్మిది మందీ తమ కాళ్ళవైపు చూసుకున్నారు.

"నేనిచ్చాను" అన్నాడు నాన్న. "తలా ఒక మాత్ర. నీళ్ళు తాగొద్దన్నాను. అల్లుడు భారీ మనిషి కదా అని రెండిచ్చాను."

నర్సమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దానికే నాకు భయం వేసింది.

"ఆ మందు ఉన్న ఒత్తిడిని తగ్గిస్తుంది బాబాయ్. ఇంత ఎండలో, ఇంత చెమటలో, ఒత్తిడి లేనివాడి ఒంట్లో అది ఇంకేం తగ్గిస్తుంది? ప్రాణమే." ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు ఆరోగ్య సేవకురాలివి. డబ్బాకి తాళం లేదా?"

నాకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే తాళం కొన్నాను. తాళంచెవి ఈ రోజుకీ నా మెడలోనే ఉంది.

సీవొంగ్ రెండు రోజుల్లో లేచి తిరిగాడు. మూడో రోజుకి జోకులు కూడా మొదలెట్టాడు. రెండు మాత్రలిచ్చి మావయ్య తన మీద ఎక్కువ అభిమానం చూపించాడన్నాడు. ఊరంతా నవ్వుకుంది. నాన్న మాత్రం నవ్వలేదు. వాకిట్లో కూర్చుని వల కుట్టుకుంటూ ఉండిపోయేవాడు. పంటినొప్పి ముసలావిడ పలకరిస్తే కూడా పలకలేదు.

రోజూ పొద్దున్నే అర మాత్ర నేనే చేతికిచ్చేదాన్ని. నా ఎదుటే నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవాడు. వారం తర్వాత బీపీ చూస్తే నూట అరవై రెండు.

"నీ మిషను బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి" అన్నాడు.

కొత్త బ్యాటరీలు వేశాను. నూట డెబ్భై ఒకటి.

"చూశావా, కొత్త బ్యాటరీలకి జోరెక్కువ."

నాకు ఏం పాలుపోలేదు. మందు పని చెయ్యడం మానేసిందా? ఉప్పు ఎక్కువైందా? అమ్మ మీద అనుమానపడి పాదేక్ జాడీకి కూడా తాళం వెయ్యాలన్నంత వరకూ వెళ్ళాను. చివరికి రహస్యం బయటపెట్టింది అమ్మే, అదీ తనకి తెలియకుండా.

"ఆ ఎర్రకోడికి ఏమొచ్చిందే? పొద్దస్తమానం నీళ్ళ తొట్టి దగ్గరే చస్తోంది" అంది.

మా ఇల్లు కూడా అందరి ఇళ్ళలాగే గుంజల మీద నిలబడి ఉంటుంది. నేల బద్దల మధ్య సందులుంటాయి. కిందికి దిగి నాన్న కూర్చునే చోటుకి సరిగ్గా కింద చూశాను. దుమ్ములో సగం కరిగిన తెల్లని ముక్క ఒకటి ఉంది. ఎర్రకోడి నాకన్నా ముందే దాన్ని చూసింది. దాన్ని తరిమి, ముక్క తీసుకుని పైకి వెళ్ళి నాన్న ముందు పెట్టాను.

"ఇదేంటి?"

ఆయన చూపు వల మీదనుంచి కదల్లేదు. "కోడికి కూడా బీపీ ఉందేమో."

"నాన్నా!"

"ఆ మందు అల్లుణ్ణి చంపబోయింది."

"చంపబోయింది మందు కాదు, నువ్వు."

అనేశాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను గానీ ఏం లాభం. నాన్న చేతిలో వల ఆగిపోయింది. నావైపు చూడకుండానే అన్నాడు.

"అన్నయ్య పడ్డ రోజున నేను నాలుగో బల్ల మీదున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి మనిషి సగం నీళ్ళలో ఉన్నాడు. మొన్న సీవొంగ్ పడ్డప్పుడు చుక్కాని నా చేతిలోనే ఉంది. కళ్ళారా చూశాను, మొదటినుంచీ చివరి దాకా. ఆ మాత్ర నోట్లో పెట్టుకుంటే వాడి మొహం కనబడుతుందమ్మాయ్. గొంతు దిగదు."

నాకు కోపమంతా కారిపోయింది. ఆ పక్కనే కూర్చుని, ఆయనతో పాటు వల కుట్టాను. సాయంత్రం సీవొంగ్‌కి జరిగిందంతా చెప్పాను. అతను అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, ఊళ్ళోకి వెళ్ళి వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే చెప్పలేదు. పొద్దున్న లేచి, "ఇవ్వాళ సాధనకి మందుల డబ్బా పట్టుకురా" అని మాత్రం అన్నాడు.

"నాన్నకి పొద్దున్న మాత్ర ఇవ్వనా?"

"ఇవ్వకు."

పున్నమికి పన్నెండు రోజులుంది. ఆ రోజు మబ్బుగా ఉంది, నది మీద గాలి లేదు. మగాళ్ళందరూ గంజి తాగి, కొబ్బరినీళ్ళు తాగి పడవెక్కారు. నర్సమ్మ పెట్టిన కొత్త నియమం అది, పడవతల్లి నియమాల పక్కన చేరింది. నాన్న వెనక నిలబడి చుక్కాని నీళ్ళలో దించాడు. ఈల వేశాడు.

ఎవరూ కదల్లేదు. యాభై తెడ్లూ ఆకాశంవైపు నిలువుగా నిలబడి ఉన్నాయి.

నాన్న ఇంకోసారి ఈల వేశాడు. "ఏరా, చెవుడొచ్చిందా?"

ముందు బల్ల మీద సీవొంగ్ నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. "మావయ్యా, మీ మాత్ర."

"నా మాత్ర సంగతి నీకెందుకు? తెడ్డు వెయ్యి."

"మీరు మింగితే వేస్తాం."

"ఎవడ్రా నాతో పరాచకాలాడేది? నాథోంగ్ వాళ్ళు రోజుకి రెండు పూటలా సాధన చేస్తున్నారు, మీరిక్కడ తెడ్లెత్తుకుని దేవుడికి దణ్ణం పెడుతున్నారు!"

"ఆ రోజు మీరు మింగమంటే ఎందుకని అడక్కుండా మింగాం" అన్నాడు సీవొంగ్. అతని గొంతులో జోకు లేదు. "మాకు అక్కర్లేని మందు మేం మింగాం. మీకు కావలసిన మందు మీరు కోడికి వేస్తున్నారు. నేను పడ్డానని మీరు మాత్ర మానేశారు సరే. రేపు మీరు పడితే నేనేం మానెయ్యాలి మావయ్యా? పడవెక్కడమా? ఆ ఇంట్లో ఉండడమా?"

నాన్న గట్టువైపు చూశాడు, సాయానికి ఎవరైనా వస్తారేమోనని. అక్కడ ఎప్పటిలాగే మా పెదనాన్న ఖమ్‌ఫుయ్‌ని కుర్చీతో సహా తెచ్చి కూర్చోబెట్టారు. ఆయన నోరు కదిలించడం మొదలెట్టాడు. ఆయన మాట రావడానికి ఎంతసేపు పడుతుందో ఊరందరికీ తెలుసు, అందరూ ఆగారు.

"మిం... గ... రా" అన్నాడు పెదనాన్న.

సీవొంగ్ నావైపు చెయ్యి చాచాడు. నేను పడవ ముక్కు దగ్గర మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. మెడలో తాళంచెవితో డబ్బా తెరిచి, ఒక మాత్రని రెండుగా విరిచి, సగం అతని అరచేతిలో పెట్టాను. అతను వెనకవాడి చేతిలో పెట్టాడు. వాడు ఆ వెనకవాడికి. అర మాత్ర బల్ల నుంచి బల్లకి, చేతి నుంచి చేతికి వెళ్ళింది. ఎవడూ తొందరపడలేదు, ఎవడూ జారవిడవలేదు. కిందటిసారి బల్ల మీద వంకర్లు తిరిగినవాడు దాన్ని రెండు చేతులా అందుకుని రెండు చేతులా ఇచ్చాడు. చిట్టచివరి మనిషి లేచి నిలబడి నాన్న చేతిలో పెట్టాడు.

అన్ని చేతుల చెమటకి మెత్తబడి ఉంటుంది అది. నాన్న దాన్ని వేలితో తిప్పి చూశాడు. నోట్లో వేసుకున్నాడు. వంగి, నదిలోంచి దోసిలితో నీళ్ళు తీసుకుని తాగాడు.

"నోరు తెరవండి" అని మధ్యలోంచి ఎవడో అరిచాడు.

"నీ అయ్య..." అని మొదలెట్టి, నాన్న ఆగిపోయి, నోరు తెరిచాడు. నాలుక ఎత్తి చూపించాడు. అటు తిరిగి గట్టుకీ చూపించాడు. ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. సీవొంగ్ ముందుకి తిరిగి భుజం లేపాడు, యాభై తెడ్లూ ఒక్కసారే నీళ్ళలో పడ్డాయి. నాకు కళ్ళు మసకబారాయి. పడవ ఎలా వెళ్ళిందో సరిగ్గా చూడలేదు.

ఆ పన్నెండు రోజులూ అదే జరిగింది. ముందు మాత్ర, తర్వాత నోరు చూపించడం, తర్వాత ఈల. పందెం రోజు పొద్దున్న నర్సమ్మ జిల్లా కేంద్రంలో గుడారం దగ్గర నాన్న జబ్బకి పట్టా చుట్టింది. పడవ మనుషులందరూ చుట్టూ మూగారు, వాళ్ళ ఊపిరితో మిషనుకే బీపీ వచ్చేలా ఉంది. నూట నలభై ఎనిమిది.

"మెట్లెక్కి వచ్చి ఉంటే నూట యాభై దాటేది" అన్నాడు నాన్న.

"పో, చుక్కాని పట్టు" అంది నర్సమ్మ.

పందెం గురించి ఏం చెప్పను. మొదటి రెండు ఊళ్ళనీ చిత్తుగా కొట్టాం. చివరి పందెంలో నాథోంగ్ వాళ్ళు ఈసారి కూడా ఒక్క మూతి తేడాతో కొట్టారు. ఎవరూ ఏడవలేదు. మూడు నెలల వ్రతం అయిపోయింది కదా, పందెం గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఒకే బల్లల దగ్గర కూర్చుని తాగారు. తాగితే బొటనవేలు వాస్తుందని గుర్తుచేసి నాన్నకి ఒకే ఒక్క గ్లాసు పోయనిచ్చింది నర్సమ్మ. ఆయన దాన్ని నాలుగు గంటలు తాగాడు.

మర్నాడు పొద్దున్న నేను అర మాత్ర తీసుకుని వెళ్ళేసరికి నాన్న మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అడక్కుండానే చెయ్యి చాచాడు. మింగాడు. నోరు తెరవబోయి, పడవ మనుషులెవరూ లేరని గుర్తొచ్చి మూసేశాడు.

"అమ్మాయ్, ఆ డబ్బాలో నావి ఎన్నాళ్ళకి సరిపోతాయి?"

"రెండు నెలలకి."

"అదేం సరిపోతుంది?" అన్నాడు చిరాగ్గా. "వచ్చే ఏడు పందెం దాకా కావాలి. నర్సమ్మకి ఇవ్వాళే చెప్పు."